బండలు పరిచిన గదిలో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డింగు

డిసెంబరు దగ్గరపడుతోందంటే మన సంఘాల్లో కొత్త పాటల సందడి మొదలవుతుంది. ఒకప్పుడు దోమ నుంచో తాండూరు నుంచో ఒక్క పాట రికార్డు చేయించాలంటే హైదరాబాదు వెళ్లి, స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక జత హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంటి వెనక గదే స్టూడియో. గొంతు వరకు బాగానే వస్తోంది. కీబోర్డుకూ ఇబ్బంది లేదు, దాని ధ్వని ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది. చిక్కంతా ఎలక్ట్రిక్ గిటార్ దగ్గరే. ఒక పాటలో గుయ్‌మనే మోత. ఇంకో పాటలో తేనెటీగలు ముసిరినట్టు రొద. మరో పాటలో గిటార్ ఎంత ఘనంగా ఉన్నా పాడేవారి మాట ఒక్కటీ అర్థం కాదు. ఈ చివరిదే పెద్ద నష్టం. మాట వినబడని పాటను సంఘం నేర్చుకోలేదు.

వీటికి మందు ఖరీదైన గిటార్ అనో, పేరున్న సాఫ్ట్‌వేర్ అనో చాలామంది యవ్వనస్తులు అనుకుంటున్నారు. అది కాదు. గిటార్ ధ్వని తీగ దగ్గర పుట్టి, పికప్, వైరు, ఇంటర్‌ఫేస్, యాంప్లిఫయర్, స్పీకర్ మీదుగా మన చెవికి చేరుతుంది. దారిలో ఎక్కడ పాడైతే అక్కడే బాగుచేయాలి. తీగ దగ్గర చెడినదాన్ని కంప్యూటర్లో సరిచేయబోతే చెడు తగ్గదు, మంచి మాత్రం పోతుంది. కాబట్టి ఈ వ్యాసం కూడా తీగ దగ్గర మొదలై అదే దారిలో సాగుతుంది.

ఇంట్లో రికార్డింగు అంటే రెండో రకం పని అని చిన్నబుచ్చుకోవాల్సిన అవసరం లేదు. అమెరికాలో లెస్ పాల్ అనే గిటారిస్టు 1948లో విడుదలైన 'లవర్' అనే రికార్డు కోసం ఎనిమిది గిటార్ భాగాలు ఒకదానిమీద ఒకటి తానే వాయించి పేర్చాడు. ఆ పని జరిగింది హాలీవుడ్‌లోని ఆయన ఇంటి గ్యారేజీలో. టేపు కూడా కాదు, డిస్కుల మీద చెక్కుకుంటూ చేశాడు. ఒక పొరలో తప్పు దొర్లితే మళ్లీ మొదటినుంచి రావాల్సిందే. మన దగ్గర ఉన్న ల్యాప్‌టాప్ ఆయన కలలో కూడా లేదు.

తీగ, పికప్, వైరు

తుప్పు పట్టిన తీగలతో ఏ గిటారూ బాగా పలకదు. రికార్డింగుకు ఒకటి రెండు రోజుల ముందు కొత్త తీగలు వేసి, బాగా లాగి వదులుతూ రెండు మూడుసార్లు శ్రుతి చేయండి. తర్వాత పన్నెండో ఫ్రెట్ పరీక్ష. ఆ ఫ్రెట్ మీద తీగను కేవలం తాకి హార్మోనిక్ పలికించండి, తర్వాత అదే ఫ్రెట్‌ను నొక్కి వాయించండి. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జి మీద ఆ తీగ శాడిల్‌ను మెడకు దూరంగా జరపాలి. తక్కువగా ఉంటే దగ్గరికి తేవాలి. చిన్న స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల పని. ఇది చేయకపోతే కింద వాయించిన కార్డు శ్రుతిలో ఉండి, పైన వాయించిన సోలో అపశ్రుతి అవుతుంది. ఎంత రెవర్బ్ పోసినా అది దాగదు.

పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా పెడితే ధ్వని పెద్దదవుతుందని కొందరు స్క్రూలు బిగించేస్తారు. పికప్‌లో ఉన్నది అయస్కాంతం. అతి దగ్గరైతే తీగను లాగి, స్వరాన్ని వణికిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి చూసినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే, అక్కడినుంచి చెవితో సర్దుకోవచ్చు.

వైరు మూడు మీటర్లది చాలు. స్టేజీ మీద వాడే పది మీటర్ల వైరును ఇంట్లో వాడితే పైస్థాయి ధ్వని కొంత దారిలోనే మందగిస్తుంది. ఇంతకన్నా పెద్ద దోషం ఇంటర్‌ఫేస్ దగ్గర జరుగుతుంది. గిటార్ పికప్ చాలా బలహీనమైన మూలం. దానికి ఒక మెగా ఓమ్ దాకా ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్' అనో 'హై-జడ్' అనో గిటార్ బొమ్మతోనో ఉండే బటన్ అందుకే. ఆ బటన్ నొక్కకుండా లైన్ ఇన్‌పుట్‌లో పెట్టినా, ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా గుచ్చినా, ధ్వని దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. గిటార్ మంచిది కాదని అమ్ముకోబోయే ముందు ఆ బటన్ ఒకసారి చూసుకోండి.

మోత, కరెంటు, ప్రాణం

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో, అటూ ఇటూ దిశ మార్చుకుంటూ ప్రవహిస్తుంది. గుయ్‌మనే మోతలో ఉండేది ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపులు. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ ఈ మోతను యాంటెన్నాలా పట్టుకుంటుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు 1955లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపితే తీగ ధ్వని కూడుతుంది, బయటి మోత ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. హంబకర్ అంటే అదే. మీ గిటార్‌లో సింగిల్ కాయిల్ ఉంటే కుర్చీలో కూర్చుని మెల్లగా చుట్టూ తిరిగి చూడండి. ఏదో ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది. రికార్డింగంతా ఆ దిక్కుకే కూర్చోండి. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఆపండి. ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర కూర్చోవద్దు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద ఒకసారి విని చూడండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద రికార్డు చేసేవారు ఒక సంగతి గమనించాలి: చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నునుపైన అల కాదు, మెట్లుమెట్లుగా ఉంటుంది. దానివల్ల గరగరమనే రొద ఎక్కువ. అలాంటి ఇంట్లో ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపేసి, ల్యాప్‌టాప్ బ్యాటరీతోనే పని కానివ్వడం మేలు. చిన్న ఇంటర్‌ఫేస్‌లు చాలావరకు యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. గిటార్ తీగలు వైరు ద్వారా యాంప్ బాడీకి, అక్కడినుంచి ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మీరు వాయిస్తున్నంతసేపూ మీ చేతులు ఆ లోహం మీదే. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో యాంప్‌లో లోపం వస్తే కరెంటు తీగల్లోకి వస్తుంది. ఆ సమయంలో పెదవి మైకును తాకితే కరెంటు మీ ఒంటి గుండా దారి వెతుక్కుంటుంది. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు గిటార్ పట్టుకుని ఎర్త్ లేని మైకును తాకి స్టేజీ మీదే చనిపోయాడు. 1976 మేలో యార్డ్‌బర్డ్స్ బృందంలో పాడిన కీత్ రెల్ఫ్ తన ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ కరెంటు షాకుతో మరణించాడు. ఇంట్లోనే అన్న మాట గమనించండి.

మన పల్లెల్లో మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి ఎర్త్ పిన్ను సాకెట్లో పట్టలేదని పీకేయడం, మోత తగ్గుతుందని ఎర్త్ వైరు కత్తిరించడం చూస్తుంటాం. మోత నిజంగానే తగ్గవచ్చు. కానీ ఆ వైరు మోత కోసం పెట్టింది కాదు, మీ కోసం పెట్టింది. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్లయిందో కనుక్కోండి. ఎండాకాలంలో గుంత ఎండిపోతే ఎర్త్ పేరుకే ఉంటుంది, బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కొత్త పెడల్ కొనే ముందు చేయాల్సిన ఖర్చు ఇది. తీగలు తాకితే మోత తగ్గడం మామూలే. తాకినప్పుడు చీమ కుట్టినట్టు జిల్లుమంటే మాత్రం గిటార్ కింద పెట్టి, మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పాట రేపు వాయించుకోవచ్చు.

ఎంత గట్టిగా రికార్డు చేయాలి?

క్యాసెట్ల కాలంలో మీటరు ఎర్ర గీత దాకా పోవాలనేవారు, లేకపోతే టేపు రొద పాటను మింగేసేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. 24 బిట్‌ల రికార్డింగులో సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్స్ వెడల్పు ఉంది. మీరు అన్నిటికన్నా గట్టిగా కొట్టిన దెబ్బ మైనస్ 12 దగ్గర ఆగితే చాలు. సున్నా దాటితే అల తల తెగిపోతుంది, తెగిన తల తిరిగి రాదు.

వాయించిన స్వరం ఆలస్యంగా వినబడితే తాళం తప్పుతుంది. అది బఫర్ వల్ల. సెకనుకు 48 వేల శాంపిళ్ల దగ్గర 1024 బఫర్ పెడితే ఒక వైపుకే 21 మిల్లీ సెకన్ల ఆలస్యం. గాలిలో ధ్వని ఆ సమయంలో ఏడు మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మీ యాంప్ వాకిట్లో ఉండి మీరు వెనక గదిలో వాయిస్తున్నట్టు. 128కి తగ్గిస్తే మూడు మిల్లీ సెకన్ల లోపే. రికార్డు చేసేటప్పుడు తక్కువ, మిక్సింగులో ఎక్కువ పెట్టుకోండి.

కంప్యూటర్లోని యాంప్ ప్లగిన్ వాడేవారు గిటార్‌ను ఏ ప్రభావమూ లేకుండా పొడిగా రికార్డు చేసి, ప్లగిన్ ద్వారా వింటూ వాయించాలి. పొడి ట్రాక్ ఉంటే ధ్వని నచ్చకపోయినా మళ్లీ వాయించక్కర్లేదు, ప్లగిన్ మారిస్తే చాలు. ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ లాంటివి ఇప్పుడు ఎంత బాగున్నాయంటే, ఇంట్లో ఉన్న చిన్న యాంప్ కన్నా వాటితోనే మంచి ఫలితం రావచ్చు. ఒక్క షరతు: యాంప్ తర్వాత స్పీకర్ కేబినెట్ తప్పకుండా ఉండాలి. గిటార్ స్పీకర్ సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. ఆ జల్లెడ లేకుండా డిస్టార్షన్ వింటే వచ్చేదే మొదట్లో చెప్పిన తేనెటీగల రొద. కేబినెట్ ఇంపల్స్ ఫైలు ఒకటి చేర్చగానే అది సగం నయమవుతుంది.

మిగతా సగం గెయిన్ తగ్గిస్తే నయమవుతుంది. గదిలో ఒంటరిగా వాయించుకునేటప్పుడు బాగుందనిపించిన గెయిన్‌ను రికార్డింగులో మూడో వంతు తగ్గించండి. అప్పుడే వేలి దెబ్బ స్పష్టంగా వస్తుంది.

నాపరాయి గది

నిజమైన యాంప్ ముందు మైకు పెట్టి రికార్డు చేసేవారికి గది ముఖ్యం. తాండూరు, పరిగి, దోమ ప్రాంతాల్లో ఇంటి నేల అంటే తాండూరు బండ లేదా షాబాద్ బండ. పాత ఇళ్లలో గోడలకూ పైకప్పుకూ కూడా బండలే. ఎండాకాలంలో కాళ్లకు చల్లగా ఉండే ఈ నాపరాయి తన మీద పడ్డ ధ్వనిలో నూటికి ఒకటి రెండు వంతులే పీల్చుకుని మిగతాదంతా వెనక్కి కొడుతుంది. గది మధ్య నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. వెనకాలే ట్ర్‌ర్‌ర్ మని వినబడితే మీ మైకు కూడా అదే వింటోంది.

కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించడం మన దగ్గర పెద్ద ఆచారం. వాటివల్ల పైస్థాయి ధ్వని కాస్త చెదురుతుందేమో గాని, పీల్చుకునేది దాదాపు ఏమీ లేదు. పైగా నిప్పు తగిలితే భగ్గుమంటాయి. మన జిల్లాలో పత్తికి కొదవా? పాత దూది పరుపు, నాలుగు మడతల బొంత, బట్టలతో నిండిన తెరిచిన బీరువా — ఇవి అట్టల కన్నా ఎన్నో రెట్లు నయం. యాంప్‌ను బండ మీద కాక కుర్చీ మీద ఎక్కించండి. కింద బొంత పరవండి. మైకు వెనక వైపు పరుపు నిలబెట్టండి. గోడకు ఆనించకుండా నాలుగైదు అంగుళాల ఖాళీ వదిలితే పరుపు ఇంకా బాగా పనిచేస్తుంది.

మైకు ఒకటి చాలు. రెండు పెడితే వాటి దూరాల్లో తేడా వల్ల కొన్ని ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1965 నుంచి ప్రపంచమంతా వాడుతున్న షూర్ ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ మైకు మంచిది. యాంప్ గుడ్డ వెనక స్పీకర్ మధ్యభాగం ఎక్కడుందో టార్చి వేసి చూడండి. నడిమధ్యన పెడితే ధ్వని పదునుగా, అంచుకు పోతే మెత్తగా ఉంటుంది. రెండింటికీ మధ్య, గుడ్డకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి, ఒక్కో సెంటీమీటరు జరుపుతూ వినండి. ఈక్వలైజర్ ముట్టుకోకముందే ఇక్కడ పని అయిపోవాలి. బోరు మోటారు, ట్రాక్టరు, తాండూరులో రైలు కట్ట దగ్గర ఇళ్లకైతే గూడ్సు బండి — వీటి వేళలు మీకే తెలుసు.

ప్లగిన్‌తో పనిచేసేవారికి గది రికార్డింగులోకి రాదు. అయినా వాళ్లనూ అది మోసం చేస్తుంది, వేరే దారిలో. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో 56 హెర్ట్జ్, దాని రెట్టింపు 112 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఉబ్బుతుంది. గిటార్ ఐదో తీగ విడిగా మీటితే 110 హెర్ట్జ్. అంటే ఆ గదిలో స్పీకర్లు పెట్టి వింటే 'ఏ' కార్డు ఒక్కటే బుంగలా మోగుతుంది. అది గిటార్ దోషమనుకుని తగ్గించేస్తారు. తీరా బయట వింటే పాట పలచగా ఉంటుంది. అలాంటి గదిలో కింది స్థాయి తీర్పు హెడ్‌ఫోన్స్‌తోనే చేయాలి.

రాగం ఉన్న పాటకు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన తలపై రాగం, తాళం కనబడతాయి. పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచి వచ్చిన ఆ బాణీలకు పాశ్చాత్య గిటార్ పద్ధతిని యథాతథంగా అతికిస్తే పొసగదు. డిస్టార్షన్‌లో మూడు స్వరాల కార్డు వాయిస్తే ఆ స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి, అక్కడ లేని కొత్త స్వరాలను పుట్టిస్తాయి. గాంధారం ఉన్నప్పుడు అవి మరీ గజిబిజిగా ఉంటాయి. అందుకే రాక్ గిటారిస్టులు డిస్టార్షన్‌లో షడ్జమం, పంచమం మాత్రమే వాయిస్తారు. కీర్తనకైతే క్లీన్ ధ్వనిలో ఒక్కొక్క స్వరంగా, జారులతో గొంతు వెనక నడవడం అందం.

కరెంటు తీగకు గమకం రాదనేవారికి పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారే జవాబు. జంట తీగల మామూలు మాండలిన్‌పై స్వరం మీటగానే ఆరిపోతుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో పేరు పొందారు. స్వరం ఎక్కువసేపు నిలిస్తే దాన్ని ఊపడానికి చోటు దొరుకుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో కూడా ఉన్న వరం అదే. కొద్దిగా కంప్రెసర్ కలిపితే డిస్టార్షన్ లేకుండానే స్వరం నిలుస్తుంది.

ఈమధ్య ఆరాధన పాటల్లో డాటెడ్ ఎనిమిదో వంతు డిలే విపరీతంగా వాడుతున్నారు. లెక్క సులువు: 60,000ను టెంపోతో భాగిస్తే ఒక దెబ్బకు మిల్లీ సెకన్లు వస్తాయి, దానిలో ముప్పావు వంతు తీసుకోవాలి. 72 టెంపోకు 625. కానీ మన పాటల్లో తిశ్ర గతి చాలా ఎక్కువ. అక్కడ ఈ ముప్పావు లెక్క తాళానికి అడ్డం పడుతుంది. దెబ్బను మూడు భాగాలు చేసి ఒక భాగమో రెండు భాగాలో పెట్టాలి. దెబ్బకు ఒక సెకను ఉన్న పాటలో 333 లేదా 667.

గొంతుకు చోటు

గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. బేస్, ఢోలక్ ఉన్న పాటలో 90 కింద గిటార్‌ను కోసేస్తే పోయేదేమీ లేదు. అక్షరాల స్పష్టత రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది, గిటార్ డిస్టార్షన్ కూడా అక్కడే కాపురం. గొంతు పాడుతున్నంతసేపు అక్కడ గిటార్‌ను రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. అంతకన్నా మంచి పని, కీబోర్డు కార్డు పట్టుకుని ఉన్నచోట గిటార్ పై మూడు తీగలకే పరిమితం కావడం. చరణంలో అసలు ఆగిపోవడం ఇంకా మంచిది. ఇది గిటారిస్టుకు రుచించదు గాని పాటకు మంచిది.

గిటార్ విశాలంగా వినబడాలంటే ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టాలి. ఒకే ట్రాక్‌ను కాపీ చేసి రెండు వైపులా పెడితే ఆరు డెసిబెల్స్ గట్టిపడుతుందే తప్ప వెడల్పు రాదు. రెండుసార్లు వాయించడంలో సహజంగా వచ్చే చిన్న తేడాలే ఆ వెడల్పు.

పాట పూర్తయ్యాక మిక్స్‌ను మోనోగా మార్చి వినండి. మన జనం పాటలు వినేది ఫోను స్పీకర్లో, బ్లూటూత్ డబ్బాలో, మందిరం మీది హారన్ మైకులో. వాటిలో ఎడమ కుడి ఒకటైపోతాయి, కింది స్థాయి దాదాపు ఉండదు. అక్కడ గిటార్ మాయమైతే, రెండు వైపులకు తోసిన ట్రాకుల్లో ఒకదాన్ని కాస్త మధ్యకు తీసుకురండి. గొంతు మాయమైతే గిటార్ తగ్గించండి. తర్వాత పాట ఎప్పుడూ వినని ఇంట్లో పెద్దవారెవరికైనా ఫోనులో వినిపించి, పల్లవి తిరిగి చెప్పమనండి. వాళ్లకు తట్టని మాట ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, ఆ చోట గిటార్ ఏం వాయిస్తోందో చూడండి. పొడి ట్రాకులు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి మార్చడానికి అరగంట పట్టదు. ఆ ఫైళ్లను మాత్రం టెంపో, తేదీ పేరులోనే రాసి ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచండి.